గప్పీ చేపల్లో ఆడా మగా తెలియట్లేదా? రంగు కాదు, పొట్ట కింద రెక్క చూడండి

సమస్య: అన్నీ ఆడవే తెచ్చాం, అయినా పిల్లలు పెట్టేస్తున్నాయి.

షాపులో ఆడా మగా ఒకే ట్యాంకులో తిరుగుతుంటాయి కాబట్టి మీరు కొనేటప్పటికే అది కడుపుతో ఉండొచ్చు, పైగా ఆడ గప్పీ ఒక్కసారి మగదానితో కలిస్తే చాలు ఆ వీర్యాన్ని నెలల తరబడి లోపల దాచుకుని మగది పక్కన లేకపోయినా మూడు నాలుగు వారాలకో ఈత ఈనుతూనే ఉంటుంది. ఇంకో కారణం, మీరు ఆడవి అనుకున్నవాటిలో ఇంకా రంగు తిరగని మగది ఒకటి ఉండటం.

ఏం చేయాలంటే, చేపని చేత్తో మాత్రం పట్టుకోకండి ప్లీజ్, పాపం ఒంటి మీద జిగురు పొర పోతుంది. గాజు గ్లాసులో ట్యాంకు నీళ్లే తీసుకుని అందులోకి వదిలి, కిటికీ వెలుతురులో పక్కనుంచి చూడండి. పొట్ట అయిపోయే చోట కింద ఒక రెక్క ఉంటుంది కదా, ఆడదానికి అది విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది, మగదానికి అగ్గిపుల్లలా సన్నగా వెనక్కి వాలి ఉంటుంది, దాన్నే గోనోపోడియం అంటారు. ఆడదానికైతే ఆ రెక్క పైన పొట్ట దగ్గర నల్లటి మచ్చ కూడా కనిపిస్తుంది. తోక రంగు నమ్మొద్దు, మా ట్యాంకులో ఎర్ర తోక చూసి మగది అనుకున్నదే ఒకరోజు పొద్దున్నే నాచు చాటున పిల్లల్ని పెట్టింది! మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపలకి కూడా ఇదే గుర్తు.

సమస్య: ఆడ గప్పీ ఎప్పుడూ మూలనే దాక్కుంటోంది.

మగవి ఎక్కువై వెంటపడుతుండొచ్చు. ఒక మగదానికి రెండు మూడు ఆడవి ఉండేలా చూడండి, మొక్కలు వేయండి. పిల్లల్ని నెల నిండకముందు నుంచే రోజూ గమనిస్తూ ఆ రెక్క సన్నబడటం మొదలైనవాటిని వెంటనే వేరు చేసేయండి.

సమస్య: గోల్డ్‌ఫిష్ మొప్పల మీద తెల్ల చుక్కలు.

కంగారుపడి మందు పోసేయకండి! మొప్పల మూత మీద, పక్క రెక్కల ముందంచున వరసగా ఉంటే అది ఈడొచ్చిన మగది, అంతే. రవ్వ చల్లినట్టు ఒళ్లంతా, తోక మీద కూడా ఉండి చేప రాళ్లకి రుద్దుకుంటుంటే అప్పుడది తెల్ల చుక్కల జబ్బు.

సమస్య: ఏంజెల్ ఫిష్ జంట గుడ్లు ప్రతిసారీ తెల్లబడిపోతున్నాయి.

రెండూ ఆడవే అయ్యుండొచ్చు, ఇవి అలా కూడా జతకడతాయి, మగది లేకపోతే గుడ్లు పొదగవు, తెల్లబడిపోతాయి. బయటికి చూస్తే తేడా తెలియదు, గుడ్లు పెట్టే టైములో పొట్ట కింద బయటికొచ్చే చిన్న గొట్టం చూడండి, ఆడదానిది లావుగా మొద్దుగా, మగదానిది సన్నగా మొనదేలి ఉంటుంది.