రొయ్యల ప్లాంటు, రైతు సంఘం: పొత్తు నిలుస్తుందో లేదో ముందే తేల్చుకోవడం ఎలా

రైతు సంఘంతో నేరుగా ఒప్పందం పెట్టుకుందామనుకునే ప్లాంటువాళ్లు ముందు ధర అడుగుతారు, తర్వాత టన్నులు. గొడవ వస్తే ఈ రెండు పక్షాలూ లెక్క ముందు పెట్టుకుని మాట్లాడుకోగలవా అన్నది నా ప్రశ్న. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల ప్లాంటులో క్వాలిటీ చూస్తాను. అందుకే క్వాలిటీ పద్ధతులతోనే దీన్ని కొలుస్తాను.

మొదటి పరీక్ష మనకే. వ్యాపార సహకారం మీద 2017లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 44001లో కూడా సొంత మదింపు అయ్యాకే భాగస్వామి ఎంపిక. సర్టిఫికెట్ అక్కర్లేదు, ఆ వరస పాటిస్తే చాలు. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) పుస్తకం, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టండి. రైతుకు చెప్పిన రోజున డబ్బు పడుతోందా లేదా తెలిసిపోతుంది. అక్కడే తప్పితే ఇక అవతలివాళ్లకు మార్కులు వేసే హక్కు మనకెక్కడిది?

తర్వాత సరుకు చేతులు మారే చోట్లు రాయండి: చెరువు గట్టు, ఐసు, లారీ, ప్లాంటు కాటా, ల్యాబు, చెల్లింపు. సీజనంతా వచ్చిన ప్రతి తకరారుకూ ఆ చోటు ఎదురుగా ఒక గీత గీయండి. సగానికి పైగా గీతలు ఒకటి రెండు చోట్లే పడితే ఆశ్చర్యపోకండి. క్వాలిటీ రంగంలో జురాన్ అనే నిపుణుడు ప్రచారంలోకి తెచ్చిన పారెటో సూత్రం చెప్పేది ఇదే. మా దగ్గరైతే గట్టు, కాటా దగ్గరే, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క) తేడా మీద పడతాయి.

గట్టు మీద కిలోకు 40 వచ్చిన రొయ్య ప్లాంటులో 43 వచ్చిందనుకోండి. కౌంటు పెరిగితే రొయ్య చిన్నదని ధర తగ్గుతుంది కాబట్టి రైతు మోసం అంటాడు, మావాళ్లు చిన్నవి కలిపారంటారు. ఇద్దర్నీ కూర్చోబెట్టి, టయోటావాళ్ల పద్ధతిలో 'ఎందుకు' అని తవ్వుకుంటూ పోవాలి. తేడా ఎందుకొచ్చింది? గట్టు మీద బుట్టలో నీళ్లు పూర్తిగా కారకముందే తూచారు, నీటి బరువూ కలిసిపోయింది. ఎందుకు? ఎండెక్కిపోతోందని తొందర. ఎందుకు? లారీ ఆలస్యం. ఎందుకు? ఒకే లారీని రెండు చెరువులకు పంపారు. పంపింది ప్లాంటే! ఈ మాట బయటపడ్డప్పుడు మావాళ్లు తల దించి రాసుకుంటే మార్కు పెంచుతాను, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటే తగ్గిస్తాను.

సంఘానికి పరీక్ష మందుల పుస్తకం దగ్గర. యూరప్‌కు పోయే సరుకుకు పట్టుబడికి ముందే యాంటీబయాటిక్ అవశేషాల టెస్టు చేయించాలి కాబట్టి ఏ మందు ఎప్పుడు వేశారో దాచేవాళ్లతో కుదరదు. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకే పెన్ను, ఒక్క నీటి మరకా లేదంటే నిన్న రాత్రి కూర్చుని రాసిందే. మేత అంటిన పేజీలను నేను ఎక్కువ నమ్ముతాను.

చివరగా ఒక చెరువు, ఒక పట్టుబడితో ట్రయల్ వేయండి. గట్టు మీద పద్ధతి ఒక్కటే మార్చండి: నీళ్లు పూర్తిగా కారాకే తూకం, కౌంటు మీద ఇద్దరి సంతకం. ప్లాంటులో వచ్చిన కౌంటుతో పోల్చి, అవసరమైతే పద్ధతి సరిదిద్ది మళ్లీ చూడండి. తేడా పూర్తిగా పోకపోయినా, రెండో పట్టుబడికి ఇద్దరూ అదే కాగితంతో వస్తే ఒప్పందం రాసుకోవచ్చు. ముందు ఒక పంటకే రాయండి.