కంపెనీ ఐపీ పెడితే ఆగిన జీతం రాబట్టుకోవడం ఎలా

మా వైపు ఏ కంపెనీ మునిగినా "ఓనరు ఐపీ పెట్టేశాడు, ఇక మన డబ్బులు రావు" అనేస్తారు. ఆదోని దగ్గర ఒక మిల్లులో పనిచేసే మా అన్నకు ఐదు నెలల జీతం ఆగినప్పుడు మా ఇంట్లోనూ అదే మాట అనుకుని రెండు వారాలు ఊరికే కూర్చున్నాం. ఆ రెండు వారాలే అన్నిటికంటే ముఖ్యమైనవని తర్వాత తెలిసింది. జీతం రావాల్సినవాళ్లు కూడా బ్యాంకులాగే కంపెనీకి అప్పిచ్చినవాళ్లే, చట్టం అలాగే చూస్తుంది. కానీ బ్యాంకుకు లాయర్లు ఉంటారు, మన కాగితం మనమే పెట్టుకోవాలి.

ముందు జీతం స్లిప్పు మీద యజమాని పేరు చూడండి. చివర ప్రైవేట్ లిమిటెడ్ అనో, లిమిటెడ్ అనో, ఎల్‌ఎల్‌పీ అనో ఉంటే 2016 నాటి దివాలా చట్టం వర్తిస్తుంది, కేసు ఎన్‌సీఎల్‌టీలో, అంటే కంపెనీల కేసులు చూసే జాతీయ ట్రిబ్యునల్‌లో నడుస్తుంది. రిజిస్టర్డ్ ఆఫీసు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటే అమరావతి బెంచ్, హైదరాబాద్‌లో ఉంటే అక్కడి బెంచ్. తాడిపత్రిలోనో బేతంచెర్లలోనో ఒక మనిషి సొంత పేరు మీద, లేదా నలుగురు భాగస్వాములు కలిసి నడిపే బండల పాలిష్ యూనిట్ అయితే ఈ దారి పనికిరాదు, నేరుగా లేబర్ ఆఫీసులో వేతన బకాయి కింద ఫిర్యాదు ఇవ్వాలి. ఆ ఓనరు నిజంగానే కోర్టులో ఐపీ వేసి ఉంటే, అప్పులవాళ్ల జాబితాలో మీ పేరు, మీ మొత్తం ఉన్నాయో లేదో ఆ కోర్టులోనే చూసుకోవాలి.

కంపెనీ అయితే కేసు తీసుకోగానే ఎన్‌సీఎల్‌టీ కేసు నడిచినన్నాళ్లూ కంపెనీని చూసుకోవడానికి ఒక రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను వేస్తుంది, అందరూ ఆర్‌పీ అంటారు. ఆయన ఒక ఇంగ్లీషు పేపర్లో, ఒక ప్రాంతీయ భాష పేపర్లో ప్రకటన ఇస్తాడు, అదే ప్రకటన దివాలా బోర్డు ఐబీబీఐ వెబ్‌సైట్‌లోనూ పెడతారు. పేపర్లో ఏదో మూలన వేసే ఆ ప్రకటన ఎవరు చూస్తారు చెప్పండి, అందుకే వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి వెతకండి. ఆర్‌పీ ఈమెయిల్, అడ్రసు, ఆఖరు తేదీ అందులోనే ఉంటాయి. ఆర్‌పీ నియామకం నుంచి 14 రోజుల్లో మీ క్లెయిమ్, అంటే నాకు ఇంత బాకీ రావాలని రాసిన కాగితం, ఆయనకు అందాలి. గడువు దాటిందని వదిలేయకండి, కేసు మొదలైన తేదీ నుంచి 90 రోజుల దాకా పెట్టుకోవచ్చు. మా అన్నది అలా ఆలస్యంగా పెట్టిందే.

కార్మికులకూ ఉద్యోగులకూ ఫారం డి. అందరూ కలిసి ఒక ప్రతినిధి ద్వారా పెడితే ఫారం ఇ. దీనికి ఆర్‌పీకి ఫీజు ఏమీ కట్టక్కర్లేదు. ఆధార్, అపాయింట్‌మెంట్ లెటర్ లేదా ఐడీ కార్డు, జీతం స్లిప్పులు, జీతం ఎప్పటిదాకా పడి ఎక్కడ ఆగిందో కనిపించేలా బ్యాంకు స్టేట్‌మెంట్, హాజరు వివరాలు జత చేయండి. లెటర్ ఇవ్వలేదని భయపడకండి, బ్యాంకు స్టేట్‌మెంట్, పీఎఫ్ పాస్‌బుక్ కలిపితే మీరు అక్కడ పనిచేశారని చెప్పడానికి గట్టి ఆధారమే. లెక్క విడదీసి రాయండి: నెలకు 14,500 చొప్పున 5 నెలలకు 72,500, తర్వాత బోనస్, లీవు డబ్బులు, గ్రాట్యుటీ వేరువేరుగా. ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా పంపి రసీదు దాచుకోండి.

కంపెనీ పుస్తకాల్లో మన బాకీ ఉంది కదా, మళ్లీ ఎందుకు అని చాలామంది ఆగిపోతారు. దయచేసి ఆ పని చేయకండి. కంపెనీని వేరేవాళ్లు కొనుక్కునే ప్లాన్‌కు ఎన్‌సీఎల్‌టీ ఆమోదం వస్తే, ఆ ప్లాన్‌లో లేని పాత బాకీ ఏదీ కొత్త యజమానిని అడగడానికి ఉండదు. 2021లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది.

కొనేవాళ్లు లేక ఆస్తులు అమ్మేస్తే అది లిక్విడేషన్. అప్పుడు మళ్లీ ప్రకటన, 30 రోజుల గడువు, ఈసారి ఒక్కొక్కరికీ ఫారం ఇ (ముందు గుంపుగా పెట్టిన ఫారం ఇ వేరు, పొరపాటు పడకండి). వచ్చిన డబ్బులో ముందు కేసు ఖర్చులు పోతాయి. ఆ తర్వాత వర్క్‌మన్, అంటే కార్మికుడు అయితే లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందు 24 నెలల బాకీ, తాకట్టు ఆస్తి మీద తన హక్కు వదులుకుని అందరితో పాటు వాటాకు వచ్చిన బ్యాంకుతో సమానంగా వస్తుంది. మేనేజర్ లాంటి మిగతా ఉద్యోగులకు 12 నెలలదే, అదీ ఒక మెట్టు కింద. గుమాస్తా పని చేసేవాళ్లు కూడా వర్క్‌మనే, ఆఫీసులో కూర్చున్నామని మీ అంతట మీరే ఉద్యోగి అని రాసేసుకోకండి. ప్రభుత్వ పన్నులు మన తర్వాతే.

కేసు నడుస్తుండగా ఆర్‌పీ మిల్లు తిప్పితే, ఆ రోజుల్లో చేసిన పనికి జీతం కేసు ఖర్చుల్లోనే చేరుతుంది, అంటే అందరికంటే ముందు. దానికి నిజంగా పనిచేసినట్టు ఆధారం కావాలి, హాజరు పట్టిక ఫోటో తీసి పెట్టుకోండి.

పీఎఫ్ విషయం మర్చిపోకండి. పీఎఫ్, గ్రాట్యుటీ ఫండ్ డబ్బు అమ్మకం ఆస్తిలో కలవదు, బ్యాంకులకు పంచడానికి వీల్లేదు. జీతంలో కోసి కట్టకుండా ఉంటే పాస్‌బుక్‌లో తెలిసిపోతుంది, వెంటనే ఆన్‌లైన్‌లోనో, కడపలోని పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయంలోనో ఫిర్యాదు ఇవ్వండి.

కాంట్రాక్టర్ కింద చేసినవాళ్లకు కాంట్రాక్టర్ ఇవ్వకపోతే అసలు కంపెనీయే ఇవ్వాలి, కాబట్టి ఆర్‌పీ దగ్గర మీ క్లెయిమ్ కూడా పెట్టండి. ఫారం నింపడం చేతకాకపోతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పరిశ్రమల్లో పనిచేసే కార్మికుడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది, ఫోన్ నంబరు 15100.