ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు, వయసు కాస్త మీరినవాళ్లు అమెరికా కాలేజీ ఫ్రాటర్నిటీలో చేరడం ఎలా?

అమెరికా యూనివర్సిటీల్లో ఫ్రాటర్నిటీల (ప్రధానంగా మగ విద్యార్థుల సభ్యత్వ సంఘాల) కన్ను ఎక్కువగా మొదటి ఏడాది కుర్రాళ్ల మీదే ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి మూడో ఏడాదికి వచ్చిన వాళ్లను, ఉద్యోగమో సైన్యమో చూసి 24 ఏళ్లకు డిగ్రీ మొదలుపెట్టిన వాళ్లను చేర్చుకోకూడదనే నిబంధన మామూలుగా ఉండదు. చాప్టర్ (క్యాంపస్‌లోని ఆ సంఘం శాఖ) వాళ్ల లెక్క వేరు: ఈ మనిషి ఇంకెన్నాళ్లుంటాడు, ఎన్ని సెమిస్టర్లు డ్యూస్ (సభ్యత్వ రుసుము) కడతాడు?

1. కాబట్టి ముందు మిగిలిన సెమిస్టర్లు లెక్కపెట్టండి. చేరాక కొత్త సభ్యుల కాలం (పూర్తి సభ్యులయ్యేలోపు శిక్షణ) చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది వారాలు నడుస్తుంది, అంటే మొదటి సెమిస్టర్‌లో దాదాపు సగం దానికే సరి. మూడు సెమిస్టర్లో అంతకంటే ఎక్కువో చేతిలో ఉంటే ప్రయత్నించండి. ఒక్కటే ఉంటే డబ్బు దండగ.

2. మార్కుల కాగితం దగ్గర పెట్టుకోండి. చాలామంది ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు తప్పిపోయేది ఇక్కడే. ఫ్రాటర్నిటీలు కనీస జీపీఏ అడుగుతాయి, 2.5 తరచుగా కనిపించే గీత. కొన్ని యూనివర్సిటీలు 12 క్రెడిట్లు పూర్తయి ఉండాలని కూడా అంటాయి. పాత కాలేజీ నుంచి క్రెడిట్లు వస్తాయి కానీ గ్రేడ్లు సాధారణంగా రావు. కొత్త చోట మొదటి సెమిస్టర్‌లో మీ జీపీఏ గడి ఖాళీగా ఉంటుంది, అర్హత లేదని పేరు పక్కన పెట్టేస్తారు. రష్ (కొత్త సభ్యులను ఎంచుకునే రోజులు) రిజిస్ట్రేషన్ ముగియక ముందే పాత ట్రాన్స్‌క్రిప్ట్‌ను క్యాంపస్‌లోని ఫ్రాటర్నిటీ వ్యవహారాల ఆఫీసుకు పంపి, అందిందని మెయిల్‌లో రాయించుకోండి.

3. ఏ రకం కావాలో తేల్చుకోండి. సోషల్ ఫ్రాటర్నిటీలు (స్నేహం, కలివిడి కోసం ఉండేవి) ప్రధానంగా డిగ్రీ విద్యార్థులకే. దక్షిణాసియా మూలాలున్నవి కావాలంటే సిగ్మా బీటా రో (1996, పెన్సిల్వేనియా యూనివర్సిటీ), డెల్టా ఎప్సిలాన్ సై (1998, టెక్సస్ యూనివర్సిటీ, ఆస్టిన్) లాంటివి ఉన్నాయి. మన దగ్గర్నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఎంఎస్ వాళ్లు. వాళ్లు సోషల్ వాటి చుట్టూ తిరగడం కంటే వృత్తికి సంబంధించినవి చూసుకోవడం మేలు. ఉదాహరణకు కెమిస్ట్రీ వాళ్ల ఆల్ఫా కై సిగ్మా పీజీ విద్యార్థులను, అమ్మాయిలను కూడా తీసుకుంటుంది.

4. రష్‌లో మూడు నాలుగు ఫ్రాటర్నిటీల ఇళ్లకైనా వెళ్లండి. మొదటి సాయంత్రాలకు జీన్స్, కాలర్ టీషర్టు చాలు. మాటల్లో పెట్టి వయసు దాచకండి, ఎలాగూ తెలుస్తుంది. "నేను ట్రాన్స్‌ఫర్, ఇంకా నాలుగు సెమిస్టర్లున్నాయి, ఇక్కడే పూర్తిచేస్తాను" అని మీరే ముందు చెబితే వాళ్ల అసలు అనుమానం తీరుతుంది. కొత్త సభ్యులకు పాఠం చెప్పేవాడు 19 ఏళ్ల పిల్లాడు కావచ్చు. అతని ముందు అన్నగారి పెత్తనం పనికిరాదు. ఆగస్టు, సెప్టెంబర్ రష్‌లో పని కాకపోతే జనవరిలో మళ్లీ వెళ్లండి. జనం తక్కువ, మాట్లాడే తీరిక ఎక్కువ. మా లెక్కలో ట్రాన్స్‌ఫర్ వాళ్లకు అదే మంచి అదను.

5. బిడ్ అంటే చేరమని పిలుపు. వెంటనే సంతకం పెట్టేయకండి. సెమిస్టర్ డ్యూస్, కొత్త సభ్యుల రుసుము, ఇనిషియేషన్ (పూర్తి సభ్యుడిగా చేర్చుకునే తంతు) ఖర్చు, బీమా విడివిడిగా ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఫ్రాటర్నిటీ ఇంట్లో ఏడాది ఉండి తీరాలా అన్నది తప్పక అడగాలి. బయట అపార్ట్‌మెంట్‌కు ఏడాది లీజు రాసేసి ఉంటే రెండు అద్దెలు నెత్తిన పడతాయి.

6. 21 నిండినవాడు దొరికితే మందు తెచ్చిపెట్టమంటారు. 21 లోపు వాళ్లకు కొనివ్వడం నేరం. ఎఫ్-1 వీసా మీద ఉంటే అరెస్టు వీసా రద్దు దాకా పోవచ్చు. మొహమాటపడకుండా కుదరదనండి. అక్కడ హేజింగ్ అనేది మనం ర్యాగింగ్ అనేదే. 2024 చివర్లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం దోషులుగా తేలిన సంఘాల వివరాలను యూనివర్సిటీలు వెబ్‌సైట్లో పెట్టాలి. బిడ్ తీసుకునే ముందే ఆ పేజీ చదవండి.

పాత కాలేజీలోనే ఇనిషియేషన్ అయిపోయినవాళ్ల దారి వేరు. సభ్యత్వం మీతోనే వస్తుంది, కాబట్టి ఇంకో సోషల్ ఫ్రాటర్నిటీలో చేరడానికి మామూలుగా వీల్లేదు. కొత్త క్యాంపస్‌లో అదే ఫ్రాటర్నిటీ చాప్టర్ ఉంటే పాత చాప్టర్ నుంచి బకాయిలేవీ లేవని లేఖ తీసుకెళ్లండి. చాలాచోట్ల అక్కడి సభ్యులు ఓటు వేసి చేర్చుకుంటారు.