ఒంటరిగా కొరియా వెళ్తున్నారా? తిండి సంగతి చెన్నైలోనే తేల్చుకోండి

దక్షిణ కొరియాలో మనవాళ్లను ఇబ్బంది పెట్టేది కారం కాదు. పైకి కనిపించకుండా పులుసుల్లో ఉండే చేప, ఒక్కరే వెళ్తే వడ్డించని హోటళ్లు. ఈ రెండింటికీ ఇక్కడే సిద్ధపడొచ్చు.

1. ముందు రుచి చూడండి. 1998లో శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్ కార్ల తయారీ మొదలయ్యాక కొరియా కుటుంబాలు చెన్నైకి వచ్చాయి, వాళ్ల వెనకే హోటళ్లూ వచ్చాయి. ప్రయాణానికి రెండు మూడు వారాల ముందు ఒకదానికి వెళ్లి బిబింబాప్ (కూరగాయలు, మాంసం పేర్చిన అన్నం), కిమ్చీ (పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి) తినండి. గొచుజాంగ్ అనే మిరప ముద్ద కారంలో తీపి ఉంటుంది, ఆవకాయ అలవాటైన నాలుకకు అదే వింత. వాళ్ల నువ్వుల నూనె బాగా వేయించిన గింజలతో తీసింది, మన గానుగ నూనెకన్నా వాసన ఘాటు. కొందరికి అసలు పడదు.

2. శాకాహారులైతే చీటీ రాయించుకోండి. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు. చాలా పులుసులకు ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లే ఆధారం. కిమ్చీలో మామూలుగా చేప సాసో ఉప్పు రొయ్యలో పడతాయి, సముద్రపు నాచులో చుట్టిన అన్నం గింబాప్‌లో తరచూ హామ్ (పంది మాంసం) ఉంటుంది. అందుకే మాంసం, హామ్, చేప, నెత్తళ్ల నీళ్లు, చేప సాస్, రొయ్యలు, గుడ్డు అని విడివిడిగా కొరియా లిపిలో రాయించి, భాష వచ్చినవాళ్లకు ఒకసారి చూపించండి. నోటితో చెప్పాలంటే ‘గోగి ప్పేగో జుసెయో’, అంటే మాంసం తీసేసి ఇవ్వండి. బిబింబాప్‌లో అన్నీ అన్నం మీద విడిగా పేరుస్తారు కాబట్టి తీయించడం తేలిక. పక్కన ఇచ్చే సూప్ మాత్రం ముట్టుకోకండి. బౌద్ధ మఠాల వంట దొరికితే అదృష్టమే, అందులో ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు.

3. ఎక్కడ తినాలో ముందే గుర్తు పెట్టుకోండి. మాంసం కాల్చి పెట్టే చాలా హోటళ్లు కనీసం ఇద్దరి వంతు ఆర్డర్ చేయమంటాయి. ఒంటరివాళ్లకు గింబాప్ దుకాణాలు, పెద్ద షాపుల కింది అంతస్తు ఫుడ్‌కోర్టులు నయం. స్థానికులు వాడే నేవర్ మ్యాప్‌లో వీటిని సేవ్ చేసుకోండి.

4. పొడులు కట్టుకోండి. రోజుకు రెండు పూటలు తిన్నా అయిదు రోజులకు కందిపొడి 100 గ్రాములు చాలు. పచ్చడి చెక్‌ఇన్ పెట్టెలోనే పెట్టాలి. మాంసం పచ్చళ్లు, తాజా పళ్లు వద్దు, అక్కడ దిగగానే తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు. అక్కడి కన్వీనియన్స్ షాపుల్లో 210 గ్రాముల హెట్‌బాన్ బ్రాండు వండిన అన్నం డబ్బా దొరుకుతుంది. మూత అంచు కొంచెం తెరిచి, షాపులోని మైక్రోవేవ్‌లోనే రెండు నిమిషాలు వేడిచేయాలి. పొట్టి గింజ అన్నం కదా, పొడి నేరుగా చల్లితే ఉండలు కడుతుంది. ముందు పొడిని నూనెలో తడిపి, వేడి తగ్గకముందే కలపండి.

5. మర్యాదలు. చెంచా, చాప్‌స్టిక్స్ చాలాచోట్ల బల్ల పక్క సొరుగులో ఉంటాయి. అన్నం చెంచాతోనే తింటారు, గిన్నె చేత్తో ఎత్తరు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలబెట్టకూడదు, అది చనిపోయినవాళ్లకు చేసే తంతు. పెద్దవాళ్లు చెంచా ఎత్తాకే మీరు మొదలుపెట్టండి. ఏదైనా ఇచ్చినా పుచ్చుకున్నా రెండు చేతులతోనే. పక్క వంటకాలకు డబ్బు తీసుకోరు, అడిగితే మళ్లీ వేస్తారు. సోజు అనే మద్యం తాగనివాళ్లు గ్లాసు నిండుగానే వదిలేయాలి. ఖాళీ గ్లాసు చూస్తే మన పెళ్లి పంక్తిలో ఖాళీ విస్తరి చూసినట్టే మళ్లీ నింపేస్తారు. బిల్లు ఎక్కువగా తలుపు దగ్గరి కౌంటర్‌లోనే కడతారు. టిప్ ఇవ్వక్కర్లేదు.