దెవ్యెట్సిల్ వాళ్ళలా బొమ్మల కవిత చేయడం ఎలా

1920లో ప్రాగ్‌లో మొదలైన దెవ్యెట్సిల్ అనే కొత్త పోకడల కళాకారుల, కవుల సంఘంలో కారెల్ టైగే లాంటివాళ్ళు కవితను రాయలేదు, బొమ్మల ముక్కలు పేర్చి అతికించారు. మనమూ చేసేయొచ్చు, డ్రాయింగ్ రాకపోయినా టెన్షన్ లేదు.

ముందు పాత మ్యాపులు, పోస్ట్‌కార్డులు, ప్రయాణం టికెట్లు, పత్రికల్లో ఫొటోలు పోగేయండి. వాళ్ళకి ఓడలు, దూరదేశాలంటే మహా మోజు, అందుకే మ్యాపు ముక్క తప్పనిసరి అనుకోండి. అయిదారు ముక్కలు చాలు, ఎక్కువైతే చెత్తబుట్టలా ఉంటుంది. వెంటనే జిగురు పూయకండి, కాగితం మీద అటూ ఇటూ జరుపుతూ, ఒక ముక్క నుంచి పక్కదానికి కన్ను తనంతట తానే జారేదాకా చూడండి, అదే మీ పంక్తి. మాటలు ఒకటి రెండు చాలు, అవీ అచ్చు అక్షరాలే కత్తిరించి పెట్టండి.

అయ్యాక ఫ్రేమ్ కట్టించకండి, జిరాక్స్ తీసి పంచండి. గోడకి వేలాడే ఒకే ఒక్క బొమ్మ కన్నా అచ్చయి అందరి చేతుల్లోకీ వెళ్ళేదే మేలని టైగే వాదన.