ఇంట్లోనే కోళ్ల మేత, 4వ పాఠం: పత్తి చెక్క, అన్నభేది లెక్క

గత పాఠంలో వేరుశనగ చెక్కకు పట్టే బూజు చూశాం. ఈసారి పత్తి చెక్క.

ప్రకాశం పడమటి మండలాల్లో గేదెలకు నానబెట్టి పెట్టే చెక్క పొట్టు తీయనిది. అందులో పీచు మరీ ఎక్కువ, మాంసకృత్తులు 22 శాతం దగ్గరే. కోడికి పనికిరాదు. పొట్టు తీసినదే అడగండి, మాంసకృత్తులు 40 శాతం దాకా ఉంటాయి.

పత్తి పప్పును కోస్తే కనిపించే నల్లచుక్కల్లో గాసిపాల్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది. విడిగా ఉన్న గాసిపాల్ పేగుల్లోంచి ఒంట్లోకి చేరుతుంది. కోడి మేత తగ్గిస్తుంది, బరువు పెరగదు. ఎక్స్‌పెల్లర్ (గింజ నుంచి నూనె పిండే యంత్రం) వేడికి గాసిపాల్ కొంత మాంసకృత్తుల్లో భాగమైన, కోడి ఎదగడానికి కావలసిన లైసిన్‌ను పట్టుకుని అణిగిపోతుంది. విషం తగ్గుతుంది, కానీ ఆ లైసిన్ కూడా కోడికి అందకుండా పోతుంది.

మాంసం కోళ్లకు కిలో మేతలో విడి గాసిపాల్ సుమారు 100 మిల్లీగ్రాములు దాటనివ్వకండి. అంతకు మించితే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) రూపంలో ఇనుము కలపాలి. పేగులో ఇనుము గాసిపాల్‌ను పట్టేస్తుంది, అది రెట్టలో బయటకు పోతుంది.

లెక్క చూద్దాం. ల్యాబ్ రిపోర్టులో విడి గాసిపాల్ 0.12 శాతం అని వచ్చింది. 100 కిలోల మేతలో ఈ చెక్క 10 కిలోలు వేస్తే గాసిపాల్ 12 గ్రాములు, అంటే కిలోకు 120 మిల్లీగ్రాములు. గాసిపాల్ ఎంతో ఇనుమూ అంతే, 12 గ్రాములు. అన్నభేది పలుకుల్లో ఇనుము 20 శాతమే కాబట్టి 60 గ్రాములు తూచాలి. రిపోర్టు లేకుండా ఈ లెక్కకు అర్థం లేదు.

వేరుశనగ ఆకు పాలిపోతే నిమ్మ ఉప్పుతో కలిపి కొట్టేదీ ఈ అన్నభేదే. అయినా ఎరువుల కొట్టు సరుకు మేతలో వేయొద్దు, ఫీడ్ గ్రేడ్ కొనండి. లేత ఆకుపచ్చగా ఉండాలి. తుప్పు రంగుకు తిరిగితే పారేయండి. మెత్తగా దంచి ముందు కిలో చెక్కపొడిలో, తర్వాత మిగతా చెక్కలో, చివరికి మొత్తం మేతలో కలపండి. నేరుగా 100 కిలోల్లో చల్లితే ఒక దోసిట్లో గడ్డ, ఇంకో దోసిట్లో సున్నా. విటమిన్ పొడితో కలిపి నిల్వ ఉంచకండి, ఇనుము విటమిన్లను పాడుచేస్తుంది.

ఎక్కువమంది తప్పేది ఇక్కడ: సోయా ఖరీదని తీసేసి, వేరుశనగ చెక్క, పత్తి చెక్క రెండే వేస్తారు. రెండింటిలోనూ లైసిన్ తక్కువే. కొంత సోయా ఉంచండి, లేదా తీరంలో దొరికే ఎండుచేపల పొడి (ఉప్పు, ఇసుక లేనిది) వేయండి.

గుడ్లకోళ్లకు ఈ చెక్క వద్దనే చెబుతాం. గుడ్లు నిల్వ ఉంటే గాసిపాల్ వల్ల పచ్చసొన ఆకుపచ్చ గోధుమ రంగుకు తిరుగుతుంది. చెక్కలో మిగిలిన నూనెలోని కొన్ని కొవ్వు ఆమ్లాల వల్ల తెల్లసొన గులాబీ రంగుకు మారుతుంది, దానికి అన్నభేది పనిచేయదు.

అభ్యాసం: చెక్కలో విడి గాసిపాల్ 0.15 శాతం, 100 కిలోల మేతలో చెక్క 8 కిలోలు, 30 శాతం ఇనుమున్న ఎండు అన్నభేది పొడి. ఎంత తూచాలి? జవాబు 5వ పాఠంలో, నువ్వుల చెక్కతో పాటు.