ఇంజెక్టర్ మార్చే ముందు వైరింగ్ చూడండి (నా అనుభవం)

ట్రక్కు వేడెక్కాక మిస్ కొట్టేది, పికప్ లేదు, స్కానర్ పెడితే పీ0203, అంటే మూడో సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ సర్క్యూట్‌లో లోపం. అందరూ ఇంజెక్టరే పోయింది మార్చెయ్ అన్నారు, కానీ ఈ కోడ్ చెప్పేది సర్క్యూట్ గురించి, అందులో వైర్ కూడా ఉంటుంది కదా. ఇంజన్ ఆపి కనెక్టర్ తీసి మీటర్ పెట్టా, డీజిల్‌లో సోలెనాయిడ్ (కరెంట్ కాయిల్‌తో తెరుచుకునే) టైప్ ఇంజెక్టర్‌కి రెసిస్టెన్స్ మామూలుగా ఒక ఓమ్ లోపే ఉంటుంది కాబట్టి పక్క ఇంజెక్టర్‌తో పోల్చి చూడాలి, రెండూ ఒకేలా ఉన్నాయి. బాడీకి షార్ట్ లేదు. ఇక ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) ప్లగ్ కూడా తీసి కంటిన్యుటీ (వైర్ తెగిందా లేదా అనే టెస్ట్) పెట్టి హార్నెస్ (వైర్ల కట్ట) మెల్లగా కదిలిస్తుంటే రీడింగ్ పోతూ వస్తూ ఉంది! క్లాంప్ దగ్గర పైన ఇన్సులేషన్ బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు ఆకుపచ్చగా తుప్పు పట్టి చాలావరకు తెగిపోయాయి. ఆ ముక్క కోసి కొత్త వైర్ క్రింప్ చేసి హీట్ ష్రింక్ వేసి స్లీవ్ తొడిగా, కోడ్ మళ్ళీ రాలేదు. ఇంజన్ నడుస్తుండగా మాత్రం ఆ కనెక్టర్లు ముట్టుకోకండి, అక్కడ వోల్టేజ్ బ్యాటరీ కంటే చాలా ఎక్కువ ఉంటుంది.